పాత కాస్ట్యూమ్ పుస్తకాల్లో దేన్ని ఎందుకు తెరవాలి: దెప్రే నుంచి లిన్స్‌హోటెన్ దాకా

పదహారో శతాబ్దపు వెనిస్ నాటకానికి బట్టలు కుట్టించాలన్నా, ఒట్టోమన్ ఇస్తాంబుల్ మీద బొమ్మల కథ గీయాలన్నా, యూరప్‌వాళ్లు బయటి జనాన్ని ఏ కళ్లతో చూశారో క్లాసులో చెప్పాలన్నా 1560ల నుంచి అచ్చయిన కాస్ట్యూమ్ పుస్తకాల (దేశదేశాల దుస్తుల బొమ్మలు కూర్చిన పుస్తకాల) దగ్గరికే వెళ్లాలి. వీటిలో చాలావాటి స్కాన్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. చిక్కు ఎక్కడంటే, ఒకే టర్కీ స్త్రీ నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా కనిపిస్తుంది. అందులో ఏ బొమ్మను నమ్మాలి?

ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం పని అయిపోతుంది. గీసినవాడి ఊరికి దగ్గరగా ఉన్నంతవరకు బొమ్మ కంటితో చూసి గీసినదై ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అది ఇంకో పుస్తకంలోంచి ఎత్తిరాసిన బొమ్మ అవుతుంది. అందుకని పుస్తకం మొత్తానికి ఒకే మార్కు వేయకండి, బొమ్మ బొమ్మకీ విడిగా వేయండి. వెచెల్లియో పుస్తకంలో వెనిస్ పెళ్లికూతురికి ఇచ్చిన నమ్మకం అదే పుస్తకంలోని ఆసియా స్త్రీకి ఇస్తే పప్పులో కాలేసినట్టే.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాం, ఎవరు ఎవరన్న వివరాలు కింద వస్తాయి. వెనిస్‌కీ, మిగతా ఇటలీకీ వెచెల్లియో 1590 ముద్రణ. ఒట్టోమన్ రాజ్యానికి నికొలాయ్, అదీ లియోన్‌లో వేసిన మొదటి ముద్రణే. జర్మన్ పట్టణాలకు వైగెల్ 1577. గోవా, మలబారు తీరాలకు లిన్స్‌హోటెన్ 1596. అమెరికా మూలవాసులకైతే వీటిలో ఏదీ వద్దు, నేరుగా జాన్ వైట్ నీటిరంగు బొమ్మలకు వెళ్లండి. యూరప్ ఊహల్ని చదవడమే పనైతే దెప్రే 1562తో మొదలుపెట్టండి.

వెచెల్లియో: 1590నా, 1598నా?

చెజారె వెచెల్లియో చిత్రకారుడు, పేరున్న టిషియన్‌కు బంధువు. 1590లో వెనిస్‌లో దామియన్ జెనారో అచ్చువేసిన ఆయన పుస్తకంలో 400కు పైగా చెక్క అచ్చు బొమ్మలున్నాయి. చెక్కను చెక్కింది న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన క్రిస్టఫ్ క్రీగర్. బొమ్మకు ఎదురుగా దాని వివరణ ఇటాలియన్‌లో ఉంటుంది. ఈ పుస్తకం అసలు బలం ఆ వివరణలోనే ఉంది. గుడ్డ పట్టా, వెల్వెట్టా, రంగేమిటి, ఏ వయసువాళ్లు వేసుకుంటారు, ఏ పండక్కి వేసుకుంటారు అన్నీ చెబుతాడు. వెనిస్‌లో కలశం గుర్తు ఉన్న దుకాణం నడిపిన పట్టు వర్తకుడు బార్తొలొమెయో బొంతెంపెలె పేరు కూడా రాశాడు. అంత దగ్గరి సమాచారం ఇచ్చే పుస్తకం ఈ జాబితాలో ఇంకోటి లేదు.

జుట్టుకు రంగు తెప్పించుకుంటున్న వెనిస్ స్త్రీ బొమ్మ చూడండి. ఇంటి కప్పు మీది చెక్క డాబాపై ఎండలో కూర్చుంటుంది. తల మీద అంచు మాత్రమే ఉండి నడుమ గుల్లగా ఉన్న టోపీ. ఆ ఖాళీలోంచి జుట్టు పైకి తీసి అంచు మీద పరిచి, మందు తడుపుతూ ఎండబెడుతుంది. అంచు నీడ వల్ల ముఖం నల్లబడదు. టోపీ ఎలా తయారైందో, దేనికి వాడారో, ఏ వేళ వాడారో ఒక్క పేజీలోనే తెలుస్తుంది. కాస్ట్యూమ్ డిజైనర్‌కు ఇంతకంటే ఏం కావాలి?

1598 ముద్రణ సెస్సా అచ్చుకూటం వాళ్లది. బొమ్మలు 500 దాటాయి, అమెరికా భాగం కొత్తగా చేరింది, ఇటాలియన్ పక్కన లాటిన్ వచ్చింది. పెద్ద పుస్తకమే మెరుగనుకుని చాలామంది దీన్నే తీసుకుంటారు. కానీ లాటిన్‌కు చోటివ్వడానికి ఇటాలియన్ వివరణలను బాగా కత్తిరించారు. గుడ్డ పేర్లూ, వాడుక వివరాలూ పోయింది ఆ కత్తిరింపులోనే. బట్ట కుట్టించేవాళ్లు 1590 తీసుకోండి. బొమ్మల విస్తారం చాలనుకునేవాళ్లకు 1598 సరిపోతుంది. 1664లో మరో ముద్రణ వచ్చింది, పోల్చి చూడటానికి తప్ప దాని అవసరం పడదు.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో వెచెల్లియో పేరుతో తిరిగే శుభ్రమైన, గీత చెదరని బొమ్మల్లో చాలావి 1859-60లో పారిస్‌లో ఫిర్మాఁ దిదో సంస్థ వేసిన పునర్ముద్రణవి. వాటిని పందొమ్మిదో శతాబ్దంలో మళ్లీ చెక్కారు. పేజీలో ఇటాలియన్ పక్కన ఫ్రెంచ్ కనిపిస్తే అదే. అలంకారానికి వాడుకోవచ్చు గానీ, కుట్టు ఎక్కడుంది, బొత్తాలు ఎన్ని అన్న ప్రశ్నలకు దాని జవాబు చెల్లదు.

నికొలాయ్: చూసి గీసినవాడు, చూడనిది ఒప్పుకున్నవాడు

నికొలా ద నికొలాయ్ ఫ్రెంచ్ రాయబారి దారమోఁ వెంట 1551లో ఇస్తాంబుల్ వెళ్లాడు. యాత్రా గ్రంథం లియోన్‌లో 1567-68లో వెలువడింది. అందులో 60 రాగిరేకు బొమ్మలు. రాగిరేకు గీత చెక్క గీత కంటే సన్నం కాబట్టి జరీ పని, తలపాగా మడతలు, జనిసరీ (సుల్తాను సొంత దళపు) సైనికుడి టోపీ వెనక వేలాడే మడత ఇక్కడ స్పష్టంగా పడతాయి. ఒట్టోమన్ దుస్తులకు ఆ తర్వాత వచ్చిన పుస్తకాలు చాలావరకు ఈయన మీదే ఆధారపడ్డాయి. వైగెల్ తీసుకున్నాడు, వెచెల్లియో తీసుకున్నాడు.

మరి అంతఃపుర స్త్రీలను ఎలా గీశాడు? లోపలికి అడుగు పెట్టనివ్వరు కదా. ఆ సంగతి పుస్తకంలో తనే చెప్పుకున్నాడు. రగూసాలో (ఇప్పటి దుబ్రోవ్నిక్‌లో) పుట్టిన ఒక నపుంసక ఉద్యోగితో స్నేహం కుదిరింది. అతని సాయంతో బజారు నుంచి ఖరీదైన బట్టలు తెప్పించి, ఇద్దరు వేశ్యలకు తొడిగించి బొమ్మ గీసుకున్నాడు. దీన్నిబట్టి ఆ బొమ్మలో ఏది పనికొస్తుంది? బట్టలు పనికొస్తాయి, అవి ఇస్తాంబుల్ బజారులో అమ్మిన అసలు బట్టలే. తొడిగిన తీరు, నిలబడ్డ తీరు, నగల పొందిక మాత్రం అంతఃపురానికి సాక్ష్యం కావు. ఈ బొమ్మలను ఎత్తుకున్నవాళ్లు బొమ్మ వరకే ఎత్తుకున్నారు, ఆ ఒప్పుకోలు వెనకే ఉండిపోయింది. అందుకే కాపీ దగ్గర ఆగకుండా మూలానికి వెళ్లాలంటున్నాం. 1572 జర్మన్ అనువాదంలో, 1576 ఆంట్వెర్ప్ ముద్రణల్లో బొమ్మలు కొత్తగా చెక్కిన కాపీలు. రాతకు అవి సరిపోతాయి, బొమ్మకు లియోన్ ముద్రణే కావాలి.

వైగెల్, అమ్మన్: ముఖచిత్రమే సగం పాఠం

న్యూరెంబర్గ్‌లో 1577లో హాన్స్ వైగెల్ వేసిన పుస్తకంలో 219 బొమ్మలు. గీసింది యోస్ట్ అమ్మన్. బొమ్మకు తోడు వివరణ బదులు జర్మన్ పద్యం ఉంటుంది, కాబట్టి గుడ్డ గురించి నేర్చుకునేది తక్కువ. న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్ లాంటి పట్టణాల్లో ఎవరు ఏ హోదాకు ఏం కట్టేవాళ్లో తెలియాలంటే మాత్రం దీనికి సాటి లేదు. పనిమనిషి, పెళ్లికూతురు, పట్టణ పెద్ద భార్య, ముగ్గురినీ విడివిడిగా చూపిస్తుంది.

ముఖచిత్రాన్ని పెద్దది చేసి చూడండి. నాలుగు మూలల్లో నాలుగు ఖండాల మనుషులు. మిగతావాళ్లు ఎవరి వేషంలో వాళ్లున్నారు. యూరప్ మనిషి మాత్రం బట్టల్లేకుండా, చంకలో గుడ్డ తాను, దర్జీ కత్తెరతో నిలబడ్డాడు. ఫ్యాషన్ రోజుకో రకంగా మారుతుంటే అతనికి ఏ బట్టలు గీస్తాం అన్నది అందులోని ఎత్తిపొడుపు. ఇంగ్లండ్‌లో ఆండ్రూ బోర్డ్ పుస్తకంలోనూ అంతకు ముందే ఇలాంటి ఇంగ్లీషు మనిషి ఉన్నాడు. ఈ ఎత్తిపొడుపుకు రెండో వైపు కూడా ఉంది. మేము మారతాం, వాళ్లు మారరు అన్న నమ్మకం. వెచెల్లియో వెనిస్‌కు పాతకాలం వేషాలు, కొత్తకాలం వేషాలు వరుసగా ఇచ్చి, స్త్రీల ఫ్యాషన్ చంద్రకళల కంటే త్వరగా మారుతుందని వాపోతాడు. దూరదేశానికొచ్చేసరికి ఒక మగ, ఒక ఆడ బొమ్మతో సరిపెడతాడు. విదేశీయుల చిత్రణ గురించి పాఠం చెప్పేవాళ్లు రాక్షసుల బొమ్మల కంటే ముందు ఈ లెక్క చూపించండి. ఒక్కో జాతికి ఎన్ని బొమ్మలిచ్చారు, అందులో ఎన్ని కాలాలు, ఎన్ని హోదాలు ఉన్నాయి? పట్టిక వేసి చూస్తే పిల్లలకు కూడా వెంటనే అర్థమవుతుంది.

దెప్రే 1562: బట్టలకు కాదు, ఊహలకు

పారిస్‌లో రిషార్ బ్రెతోఁ అచ్చువేసిన ఫ్రాంస్వా దెప్రే పుస్తకం చిన్నది. 121 బొమ్మలు, ఒక్కోదాని కింద నాలుగు పాదాల ఫ్రెంచ్ పద్యం, చేతిరాతను పోలిన అక్షరాలు. వివిధ దేశాల దుస్తుల మీద అచ్చయిన తొలి పుస్తకాల్లో ఇదొకటి. కెప్టెన్ రొబెర్వాల్ తెచ్చిన బొమ్మలనూ, ఒక పోర్చుగీసు యాత్రికుడివనూ ఆధారం చేసుకున్నామని ముందుమాట చెబుతుంది. తిరగేస్తూ పోతే పారిస్ స్త్రీ, బ్రెజిల్ మనిషి తర్వాత ఒంటికన్ను మనిషి, చేప ఒంటి బిషప్ కూడా అదే కొలతలో, అదే చట్రంలో వస్తారు. చట్రం ఒకటే కావడం వల్ల అన్నీ ఒకే స్థాయి నిజాలుగా కంటికి ఆనతాయి. పరాయివాళ్ల మీద ఊహలెలా తయారయ్యాయో చూపించడానికి ఇంత సూటిగా పనికొచ్చేది మరోటి దొరకదు. కుట్టుపనికి దీన్ని వాడొద్దు. గీతలు మొరటు, వివరణ లేదు.

మిగతావి క్లుప్తంగా. 1581లో వచ్చిన బొయిసార్ పుస్తకం అడ్డంగా ఉంటుంది, ఒక పేజీలో సాధారణంగా ముగ్గురు నిలబడతారు. అదే ఏడు ఆంట్వెర్ప్‌లో వచ్చిన అబ్రహాం డి బ్రౌన్ పుస్తకంలో కూడా మనుషులు వరుస కట్టి ఉంటారు. పక్కపక్కన పెట్టి చూపించే స్లైడ్‌కు ఈ రెండూ బాగుంటాయి, లోతు తక్కువ. పదువాలో 1589 నుంచి వచ్చిన పియెత్రో బెర్తెల్లి పుస్తకంలో వెనిస్ వేశ్య బొమ్మకు కాగితపు రెక్క అతికించి ఉంటుంది. రెక్క ఎత్తితే లంగా కింద తొడిగిన పంట్లాం, దళసరి అట్టల ఎత్తు చెప్పులు కనిపిస్తాయి. స్కాన్‌లో రెక్క మూసే ఉండి, కింది బొమ్మ లేకపోవచ్చు. తర్వాతి ఇమేజ్ కూడా తెరిచి చూడండి.

మన తీరాలకు లిన్స్‌హోటెన్

యాన్ హైఖెన్ వాన్ లిన్స్‌హోటెన్ గోవా ఆర్చ్‌బిషప్ దగ్గర కార్యదర్శిగా వెళ్లి, 1583 నుంచి ఐదేళ్లకు పైగా అక్కడ ఉన్నాడు. 1596లో ఆమ్‌స్టర్‌డాంలో కొర్నెలిస్ క్లాస్ అచ్చువేసిన ఆయన గ్రంథం పేరుకు యాత్రా పుస్తకమే అయినా, భారతదేశం విషయంలో పై పుస్తకాలన్నిటికంటే దగ్గరగా చూసినది. పల్లకిలో పోర్చుగీసు దొర, గొడుగు పట్టే మనిషి, బ్రాహ్మణులు, గుజరాతీ వర్తకులు, మలబారు ఆయుధధారులు, కొచ్చి రాజు అందులో ఉన్నారు.

రేకులు చెక్కింది మాత్రం హాలండ్‌లో డూటెకుం కుటుంబం. వాళ్లు గోవా చూడలేదు. అందుకే వస్తువును నమ్మండి, ఒంటిని నమ్మకండి. పల్లకి ఆకారం, గొడుగు, కత్తి, నడుముకు గుడ్డ చుట్టిన తీరు గీసి ఇచ్చిన బొమ్మల నుంచి వచ్చాయి. కండలు తిరిగిన దేహాలు, ఒక కాలి మీద బరువు వేసి నిలబడే భంగిమ, యూరప్ ముఖాలు చెక్కినవాళ్ల అలవాటు. గుడ్డ మడతలు కూడా అంతే. పల్చటి నూలు గుడ్డకు ఉన్ని కంబళికి పడేంత బరువు మడతలు పడ్డాయి. 1598 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రచురణకర్తలు డి బ్రీ కుటుంబం వేసిన సంపుటాల్లో ఇదే సమాచారం మళ్లీ చెక్కించుకుని వచ్చింది, మూలం నుంచి ఇంకో మెట్టు దూరం. ఇంకా వెనక్కి వెళ్లాలనుకుంటే 1508లో ఆగ్స్‌బర్గ్‌లో హాన్స్ బుర్క్‌మైర్ చెక్కిన బొమ్మల పట్టీ ఉంది. 1505-06లో భారత తీరానికి వచ్చిన బల్తజార్ స్ప్రింగర్ యాత్ర దానికి ఆధారం.

అమెరికా: రెండు మెట్లు ఎక్కితే మూలం

వెచెల్లియో 1598లోని వర్జీనియా మనుషులు డి బ్రీ 1590లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేసిన పుస్తకం నుంచి వచ్చారు. డి బ్రీకి ఆధారం 1585లో అక్కడికి వెళ్లిన జాన్ వైట్ నీటిరంగులు, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియం వెబ్‌సైట్‌లోనే చూడవచ్చు. మూడింటినీ పక్కపక్కన పెడితే నష్టం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. వైట్ దగ్గర ఒంటి రంగు, పచ్చబొట్టు, ఈకల రంగు ఉన్నాయి. డి బ్రీ దగ్గర రంగు పోయి, ముఖం యూరప్‌ది అయ్యి, వెనక కొత్త దృశ్యం చేరింది. అయితే నాయకుణ్ణి ముందు నుంచీ వెనక నుంచీ చూపించాడు, అది మేలే. వెచెల్లియో పేజీలో ఒక నిలువు బొమ్మకే చోటు. డి బ్రీ ఆ పుస్తకం చివర పాత బ్రిటన్‌లో ఒళ్లంతా రంగులు పూసుకున్న పిక్టుల బొమ్మలు కూడా చేర్చాడు, బ్రిటన్‌వాళ్లు కూడా ఒకప్పుడు ఇంతే అనడానికి. పాఠం చెప్పేవాళ్లు దీన్ని వదులుకోవద్దు.

వాడే ముందు చూడాల్సినవి

కుడి ఎడమలు మొదట చూడండి. ఉన్న బొమ్మను చూసి చెక్క మీద అలాగే చెక్కితే అచ్చులో తిరగబడుతుంది. అప్పుడు కత్తి ఎడమ తుంటి నుంచి కుడికి పోతుంది. చైనా నిలువంగీ కుడి పక్కన ముడిపడాల్సింది ఎడమ పక్కకు వస్తుంది. మనవాళ్లకు ఇంకా తేలికైన గుర్తు ఉంది. జంధ్యం ఎడమ భుజం మీంచి కుడి నడుముకు రావాలి. బొమ్మలో అది కుడి భుజం మీంచి వస్తే, ఆ బ్రాహ్మణుడు పితృకార్యంలో ఉన్నాడనుకోవడం కంటే బొమ్మ తిరగబడిందనుకోవడం సబబు. ఒక్క గుర్తుతో తీర్పు ఇవ్వకండి, కనీసం రెండు కలవాలి. తిరగబడిందని తేలితే పవిట ఏ వైపు, బొత్తాలు ఏ వైపు అన్నవి కూడా తిప్పి చదవండి.

రంగును అసలు నమ్మొద్దు. ఇవన్నీ నల్ల సిరాతో అచ్చయినవే. రంగు తర్వాత ఎవరో చేత్తో పూశారు, ఒక్కోసారి చాలా ఏళ్ల తర్వాత. ఒకే బొమ్మ ఒక లైబ్రరీ ప్రతిలో ఎరుపు, ఇంకో ప్రతిలో నీలం. రాతలో రంగు చెబితే అదే ప్రమాణం.

తేదీ కూడా అచ్చు సంవత్సరం కాదు. నికొలాయ్ 1551లో చూసిన అంగరఖా వెచెల్లియోలో 1590లో కనిపిస్తే, అది 1590 నాటి ఇస్తాంబుల్ ఫ్యాషన్ కాదు, దాదాపు నలభై ఏళ్ల పాతది. బొమ్మ పేరును కూడా సరిచూసుకోండి, చేతులు మారేటప్పుడు ఒక ఊరి మనిషి ఇంకో ఊరివాడైపోతాడు.

స్కాన్ల కోసం దెప్రే, నికొలాయ్ ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు డిజిటల్ భాండాగారం గాలికాలో, లిన్స్‌హోటెన్ రేకులు ఆమ్‌స్టర్‌డాం రైక్స్ మ్యూజియంలో, వెచెల్లియో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. ముందుగా బొమ్మల లెక్క సరిపోయిందో చూడండి: దెప్రే 121, నికొలాయ్ 60, వైగెల్ 219. తగ్గితే పాత సేకర్తలు రేకులు చింపి విడిగా అమ్ముకుని ఉంటారు, ఇంకో ప్రతి చూడాలి. పాత అచ్చులో పొడుగు 'ఎస్' అక్షరాన్ని కంప్యూటర్ 'ఎఫ్' అని చదువుతుంది, అందుకే మాట వెతికితే దొరకదు. 'ఎస్' ఉన్న చోట 'ఎఫ్' పెట్టి మళ్లీ వెతకండి. వెచెల్లియో 1590లో అంకెలు పేజీలకు కాదు, ఆకులకు ఉంటాయి. అందువల్ల రాసుకునేటప్పుడు ఆకు సంఖ్యతో పాటు ముందు వైపా వెనక వైపా అన్నది కూడా రాయండి.

తెలుగు నేల దుస్తులు కావాలంటే

ఈ పుస్తకాల్లో వెతికి కాలం వృథా చేయకండి. నాగపట్నం, శాంథోమ్, మచిలీపట్నాల్లో నేసే నూలుగుడ్డ పట్టు కంటే ఎక్కువ విలువైనదని లిన్స్‌హోటెన్ రాశాడు. గుడ్డను పొగిడాడు గానీ, మచిలీపట్నంలో దాన్ని నేసినవాళ్లకు రేకు ఇవ్వలేదు. పదహారో శతాబ్దానికి లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు చూడండి. నిలువు కుళ్లాయిలు (టోపీలు), చీర అంచులు, అద్దకపు నమూనాలు అక్కడ రంగుల్లోనే ఉన్నాయి. తిరుమలలో కృష్ణదేవరాయల లోహ విగ్రహం తల మీదున్నదీ కుళ్లాయే. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువులో కుళ్లాయి, కోక, కూర్పాసం (అంగీ) మూడూ వస్తాయి. కాకపోతే ఇవి దాతల, రాజుల, కొలువు మనుషుల వేషాలు. రైతుకో నేతగాడికో వీటిని తొడగకండి.

తిరుగు చూపు, అంటే మనవాళ్లు యూరప్‌వాళ్లను చూసిన తీరు, కావాలంటే బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న కోరమండల్ తీరపు కలంకారీ తెర చూడండి. పదిహేడో శతాబ్దం తొలి భాగానిది, ఏడు భాగాలుగా ఉంది, రకరకాల జనాలు అందులో ఉన్నారు. పోర్చుగీసు టోపీలను మన అద్దకం పనివాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో దాన్ని పెద్దది చేసి చూసి, అదే స్లైడ్ మీద లిన్స్‌హోటెన్ పల్లకి దొర పక్కన పెట్టండి.